ఉద్యోగం మారాలన్న నీ ఆలోచన గురించి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పదకొండేళ్లుగా చేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి బడిలో లెక్కలు చెబితే తగినంత తృప్తి దొరుకుతుందా అని అడిగావు. దానికి జవాబు నా దగ్గర లేదు గానీ, ఆరేళ్ల క్రితం అదే దారిన నడిచినవాణ్ణి కనుక, అప్పుడు నన్ను నేను వేసుకోవలసి ఉండీ వేసుకోని ప్రశ్నలు నీ ముందు పెడతాను.

నువ్వు వెళ్లాలనుకుంటున్నది బడికా, లేక ఇప్పుడున్న చోటు నుంచి ఎక్కడికైనానా? ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను ఉద్యోగంలో ఎంతో సంతోషించిన సందర్భాలు, ఎంతో బాధపడ్డ సందర్భాలు చెప్పమని అడిగి, ఆ ఫలితాలను 1959లో ప్రకటించారు. బాధకు కారణాలుగా పై అధికారి తీరు, సంస్థ నిబంధనలు వంటివి ఎక్కువగా వినిపిస్తే, సంతోషానికి కారణాలుగా సాధించామన్న భావన, గుర్తింపు, పని స్వభావం వినిపించాయి. ఆ పద్ధతిపై తరువాత విమర్శలు వచ్చిన మాట నిజమే అయినా, నీ ఉత్తరం చదువుతుంటే నాకు అదే గుర్తుకొచ్చింది. అందులో మేనేజరు గురించి రెండు పేజీలున్నాయి, పిల్లల గురించి నాలుగు వాక్యాలే ఉన్నాయి. మేనేజరు మారితే తీరిపోయే బాధ కోసం వృత్తినే మార్చుకోనక్కరలేదు. అయితే, భిన్నాలు అర్థమైన క్షణాన మీ అక్క కొడుకు ముఖం ఎలా వెలిగిందో రాశావు చూడు, ఆ ఒక్క వాక్యాన్ని నేను తేలికగా తీసుకోలేకపోతున్నాను.

బడి అంటే పాఠం చెప్పడమే అని నేననుకున్నాను. ఆ గంటకు ముందు సిద్ధపడే గంట, వెనక కాగితాలు దిద్దే గంట ఉంటాయని, ఒకే పాఠాన్ని మూడో సెక్షన్‌లోనూ మొదటిసారి చెబుతున్నంత ఉత్సాహంతో చెప్పాలని వచ్చాకే తెలిసింది. దిద్దడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. కానీ పిల్లవాడు ఏ మెట్టు దగ్గర తడబడ్డాడో ఆ కాగితం మీదే కనిపిస్తుంది కనుక ఓర్చుకోగలుగుతున్నాను. ఆ పనిలోని విసుగును నువ్వు ఓర్చుకోగలవా అన్నది ముందు తేల్చుకో. జీతం తగ్గే సంగతి మూడు నెలలు ఆ తగ్గిన మొత్తంతోనే గడిపి చూస్తే తెలిసిపోతుంది.

రాబోయే సంతోషాన్ని మనిషి ఉన్నదానికన్నా ఎక్కువగా ఊహించుకుంటాడని డేనియల్ గిల్బర్ట్, టిమోతీ విల్సన్ అనే మనస్తత్వవేత్తల పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే ఇంట్లో కూర్చుని ఊహించవద్దు. రాజీనామా రాసే ముందు ఒక వారం సెలవు పెట్టి రా. మొదటి మూడు రోజులు నా తరగతిలో వెనక బెంచీ మీద కూర్చో, తరువాతి రెండు రోజులు నువ్వే పాఠం చెప్పు, సాయంత్రం కాగితాలు కలిసి దిద్దుదాం. ఏ వారం వీలవుతుందో రాస్తే ప్రధానోపాధ్యాయురాలిని అడిగి ఉంచుతాను.

నీ మిత్రుడు