తప్పు మీటరుది కాదు సార్, జట్టుది

సంపాదకులకు,

సైకిల్ రేసుల్లో పవర్ మీటర్లు తీసేయాలని, వాటివల్లే టూర్ డి ఫ్రాన్స్ చప్పబడిపోయిందని మీ క్రీడల పేజీలో ఒకాయన రాశారు. మా విజయనగరంలో తెల్లారకముందే ఎస్.కోట రోడ్డెక్కే సైకిల్ బ్యాచ్‌లోనూ ఇదే మాట వింటున్నాను, అదీ మీటరు ముట్టుకోనివాళ్ల నోటి నుంచి. (వాళ్లనీ అనలేం, మంచి మీటరు కొనే డబ్బుకి ఇంకో సైకిలే వస్తుంది.)

అది చేసేది చిన్న పని. తొక్కేటప్పుడు క్రాంక్, అంటే పెడల్ బిగించిన కడ్డీ, కంటికి కనిపించనంత వంగుతుంది, ఆ వంపును సెన్సర్ పట్టుకుని, పెడల్ ఎంత వేగంగా తిరుగుతోందో దానితో కలిపి లెక్కేసి వాట్లలో చూపిస్తుంది. జర్మనీలో ఉల్రిచ్ షోబెరర్ దీన్ని 1986లోనే తయారుచేశాడు. అనంతగిరి ఘాట్‌లో స్పీడు చూసుకుంటే ఏం తెలుస్తుంది? ఎత్తు, ఎదురుగాలి రెండూ మోసం చేస్తాయి, గుండె వేగం ఆలస్యంగా పెరుగుతుంది. వాట్లు మాత్రం కాలు ఆ క్షణంలో ఎంత పెడుతోందో చెప్పేస్తాయి.

టూర్ విజేత క్రిస్ ఫ్రూమ్ తల వంచుకుని ఆ అంకె చూస్తూ, ముందుకు దూకినవాడి వెంట పడకుండా తన లెక్కలో తాను ఎక్కి చివరికి పట్టేయడం చూసి జనానికి విసుగొచ్చిన మాట నిజమే. 2015 టూర్‌లో ఒక కొండ మీద అతను సగటున 414 వాట్లు, అంటే కిలో బరువుకి 5.78 వాట్లు పెట్టాడని జట్టే లెక్క బయటపెట్టింది. టూర్ డైరెక్టర్ ప్రూడోమ్ రేసుల్లో మీటర్లు వద్దన్నాడు, ఫ్రూమ్ ప్రత్యర్థులు క్వింటానా, కాంటాడర్ కూడా అదే పాట.

మరి స్పెయిన్‌లో జరిగే పెద్ద రేసు వుయెల్టాలో 2016లో ఏమైంది? ఫార్మిగల్ స్టేజిలో అదే క్వింటానా, కాంటాడర్ మొదలైన కాసేపటికే దూకేశారు, ఫ్రూమ్ జట్టువాళ్లు చాలామంది వెనక చిక్కుకుపోయారు, అతను రెండున్నర నిమిషాలకు పైగా పోగొట్టుకున్నాడు, రేసు క్వింటానా గెలిచాడు. ఆ రోజు ఫ్రూమ్ మీటరేమీ ఊడిపోలేదు కదా! ఊడిపోయింది జట్టు. మిగతా రోజుల్లో దూకినవాణ్ణి వెనక్కి లాగింది కూడా ముందు వరసలో గాలికి అడ్డంగా తొక్కే ఆ నలుగురైదుగురే, వాళ్లను కొనగలిగిన డబ్బే. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు అంకెను తిట్టడం దేనికి? పైగా ఏళ్ల తరబడి మీటరుతో ప్రాక్టీసు చేసినవాడికి రేసు రోజున దాన్ని పీకేసినా కాళ్లకి ఆ లెక్క దాదాపు తెలిసే ఉంటుంది.

గీత ఎక్కడ గీయాలో ప్రపంచ సైక్లింగ్ సంస్థ యూసీఐకి తెలియక కాదు, ఒంట్లో గ్లూకోజ్ చూపించే సెన్సర్లను 2021లో రేసుల్లో వద్దంది, నాకూ సబబే అనిపించింది. 2018లో టూర్, వుయెల్టా లాంటి పెద్ద రేసుల్లో జట్టుకి తొమ్మిది మందిని ఎనిమిది చేసింది. అక్కడితో ఎందుకు ఆగాలి, ఆరుకి తేవచ్చు. జట్టు సూచనలు వినిపించే చెవిలో రేడియోలు కూడా తీసేయొచ్చు, ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అవి లేకుండానే తొక్కుతున్నారు.

మీకో చిన్న మనవి. టూర్ వార్త మీరు వేసేదే నాలుగు లైన్లు. అందులో ఒక లైను, చివరి కొండ మొదట్లో ఎవరి పక్కన ఎంతమంది జట్టువాళ్లు మిగిలారో రాయండి.

— ఒక పాఠకుడు, కంటోన్మెంట్, విజయనగరం