కథ రాసేవారు కథలే చదివితే చాలదు

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఇటీవల మా విశాఖపట్నంలో కొత్త రచయితల కోసం జరిగిన ఒక కథల పోటీలో రచనలను పరిశీలించే బాధ్యత నాకు అప్పగించారు. 60కి పైగా కథలు చదివాను. భాష మీద పట్టు ఉన్నవీ, మనిషి బాధను సూటిగా చెప్పగలిగినవీ వాటిలో తక్కువేమీ కాదు. అయినా చదివేకొద్దీ ఏదో వెలితి తోస్తూనే ఉంది. బహుమతుల సభ ముగిశాక ఒక యువ రచయిత నా దగ్గరకు వచ్చి, "ఇతరుల పుస్తకాలు చదివితే వాళ్ల ప్రభావం పడుతుందని నేను చదవడమే మానేశానండీ" అన్నప్పుడు ఆ వెలితికి కారణం తెలిసింది. అతని నిజాయితీని నేను తప్పుపట్టను. కానీ అదే అభిప్రాయం మరికొందరు కొత్తవారి నోటా విన్నాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ యువకుడి కథ మన ఫిషింగ్ హార్బర్‌లో జరుగుతుంది. మే నెల నడిమధ్యలో మరపడవ మీద వేటకు వెళ్లిన తండ్రి పడవ నిండా చేపలతో తిరిగి వచ్చి, ఆ డబ్బుతో కూతురి పెళ్లి ఖాయం చేస్తాడు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, 61 రోజులు మరపడవల వేటను నిషేధిస్తారు. ఆ రోజుల్లో బోట్లన్నీ జెట్టీల దగ్గర ఒకదానినొకటి ఆనుకుని నిలిచి ఉంటాయి. మనుషులు నీడ చూసుకుని వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. పెళ్లి ముహూర్తాలు ఉండే నెలలో వేట లేని తండ్రి అప్పు కోసం ఎవరి గుమ్మం ఎక్కుతాడు, ప్రభుత్వం ఇచ్చే భృతి చేతికి వచ్చేలోగా ఇల్లు ఎలా గడుస్తుంది అన్నదే అక్కడి అసలు కథ. మీ పత్రిక జిల్లా పేజీని క్రమం తప్పకుండా చదివినా ఆ కథ అతనికి దొరికేది. పైగా పడవ నిండా ఉన్నవన్నీ అతనికి "చేపలే". వంజరం లేదు, చందువ లేదు, కానాగంత లేదు.

కానాగంత అంటే గుర్తొచ్చింది. 18వ శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖ తీరంలో దొరికిన 200 చేపలను వర్ణించి, బొమ్మలతో సహా పుస్తకంగా తెచ్చాడు. అది 1803లో లండన్‌లో అచ్చయింది. చేపలకు ఇక్కడి జాలరులు చెప్పిన పేర్లనే ఆయన తనకు వినిపించినట్టు రాసుకున్నాడు. ఆ తర్వాత ఫ్రాన్సు శాస్త్రవేత్త క్యూవియే ఆ పేర్లలో ఒకదాన్ని తీసుకున్నందువల్ల, ప్రపంచంలో ఎక్కడి మత్స్యశాస్త్ర గ్రంథం తెరిచినా ఈ రోజుకీ మన కానాగంత పేరు "రాస్ట్రెల్లిజర్ కానగుర్తా" అనే ఉంటుంది. ఈ సంగతి తెలిసిన రోజు నేను ఎంత సంతోషించానో చెప్పలేను. మర్నాడు చేపల బజారులో గంప ముందు కూర్చున్న ఆమె "కానాగంతలు బాబూ" అని పిలిస్తే, రెండు వందల ఏళ్ల కిందట ఆ మాట ఏ గొంతు నుంచి ఆ వైద్యుడి కాగితం మీదికి చేరిందో అనుకుంటూ చాలాసేపు నిలబడిపోయాను. కథల పుస్తకాలు ఎన్ని చదివినా ఆ క్షణం నాకు దొరికేది కాదు.

కథ రాసేవారు కథలు కాని పుస్తకాలూ చదవాలన్నది కొత్తగా కనిపెట్టిన మాట కాదు. కావ్యం పుట్టడానికి సహజమైన శక్తి, లోకాన్నీ శాస్త్రాలనూ కావ్యాలనూ పరిశీలించడం వల్ల కలిగే నిపుణత, అభ్యాసం, ఈ మూడూ కలిసి ఒకే కారణమని 11వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు మమ్మటుడు చెప్పాడు. రెండోదాన్నే మనవాళ్లు వ్యుత్పత్తి అన్నారు. కవి చూడవలసిన శాస్త్రాలేవో వివరిస్తూ ఆయన ఛందస్సు, వ్యాకరణం, నిఘంటువులతో ఆగలేదు. ఏనుగుల, గుర్రాల, కత్తుల లక్షణాలు చెప్పే గ్రంథాలను కూడా చేర్చాడు. రాజుల కథలు రాసే కవికి గుర్రం సుడులు తెలియాలంటే, హార్బర్ కథ రాసే మనవాడికి వేట నిషేధపు ఉత్తర్వు తెలియనక్కర్లేదా?

ఇక ప్రభావం గురించిన భయం. పుస్తకాలు చదవనంత మాత్రాన ఎవరి మీదా ఏ ప్రభావమూ పడకుండా ఉండదు. అదే యువకుడి కథలో తండ్రీకూతుళ్ల సంభాషణ మొత్తం టీవీ సీరియళ్లలో మనం రోజూ వినేదే. అతను ఎంచుకోని ప్రభావం అది. 1910లో ఈ ఊళ్లోనే పుట్టిన శ్రీశ్రీ 1928లో తెచ్చిన తొలి సంపుటిలో సంప్రదాయ పద్యాలే రాశారు. గురజాడ బాటను ప్రేమించారు. ఇంగ్లీషు, ఫ్రెంచి కవులను చదవడమే కాక అనువదించారు కూడా. ఇంతమందిని లోపలికి రానిచ్చిన ఆ కవి గొంతును మరొకరి గొంతుగా ఎవరైనా పొరబడగలరా? ఒక్కరినే చదివి అక్కడే ఆగిపోయినవారికే అనుకరణ ప్రమాదం ఎక్కువని నా అభిప్రాయం. పొరుగు భాషలనూ మరువరాదు. ఇచ్ఛాపురం దాటితే ఒడియా నేల. గోపీనాథ మహంతి నవలను పురిపండా అప్పలస్వామి గారు తెలుగు చేయకపోతే, మన కొండలకు ఆనుకుని ఉన్న కొంధు గిరిజనుల జీవితం మనలో ఎందరికి తెలిసేది?

అందువల్ల రెండు విన్నపాలు. సాహిత్య సంస్థలు కొత్త రచయితలకు పెట్టే కార్యశాలల్లో ఒక పూటను ద్వారకానగర్ పౌర గ్రంథాలయం వంటి చోట చదువుకోవడానికే కేటాయించాలి. ఆ పూట కథ, కవిత కాని పుస్తకాన్నే చేతిలోకి తీసుకోమనాలి. మీ ఆదివారం పుస్తక పరిచయాల పేజీలో, వారానికొక రచయిత తాను చదివిన వ్యవసాయ, న్యాయ, చరిత్ర, విజ్ఞాన గ్రంథాల్లో ఒకదాని గురించి రాసే చిన్న శీర్షిక ప్రారంభించాలని కోరుతున్నాను. మీరు అంగీకరిస్తే, రస్సెల్ చేపల పుస్తకం గురించి మొదటి వ్యాసం రాసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకుడు,
పెదవాల్తేరు, విశాఖపట్నం.