శనివారం ఆస్టిన్ ప్రయాణం: శాన్ జసింటో చిత్రాలు

హ్యూస్టన్ మిత్రులందరికీ నమస్కారం.

ఈ శనివారం ఆస్టిన్‌లో టెక్సస్ శాసనసభ భవనానికి వెళ్తున్నాం. ఉదయం 7 గంటలకల్లా గుడి పార్కింగ్ దగ్గర ఉండండి.

ముందుగా చిత్రకారుడు హడిల్ 1886లో గీసిన చిత్రం చూద్దాం. టెక్సస్‌కు స్వాతంత్ర్యం తెచ్చిన 1836 ఏప్రిల్ 21 శాన్ జసింటో యుద్ధానికి మర్నాటి దృశ్యం అది. కాలికి గాయమై చెట్టు కింద పడుకున్న టెక్సస్ సేనాని శామ్ హ్యూస్టన్ ఎదుట, మామూలు సిపాయి దుస్తుల్లో పట్టుబడిన మెక్సికో సేనాని శాంటా అన్నా నిలబడి ఉంటాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటున్న, చెవుడున్న టెక్సస్ వేగు డెఫ్ స్మిత్‌ను పిల్లలకు తప్పక చూపించండి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే. తర్వాత సెనేట్ మందిరంలో మెకార్డిల్ గీసిన అదే యుద్ధపు చిత్రం.

ఎంతమంది వస్తున్నారో, కారులో ఎన్ని సీట్లు ఖాళీయో గురువారంలోపు ఇక్కడే రాయండి. పులిహోర మేం తెస్తాం, పెరుగన్నం ఎవరు తెస్తారు?

మరవకండి: లోపలికి వెళ్లేటప్పుడు తనిఖీ ఉంటుంది, బరువైన సంచులు వద్దు.