సంతకం పెట్టే ముందు ఫీజు చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ కాగానే అమెరికాలో డిగ్రీ చదవాలనుకునే పిల్లల కోసం మొన్న మీ చదువు పేజీలో వేసిన వ్యాసం చదివాను. నవంబరు 1 లోపు ఎర్లీ డిసిషన్‌లో అప్లై చేస్తే సీటు అవకాశం ఎక్కువ అన్నారు. సీటొస్తే చేరి తీరాలి, మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకోవాలి అన్న సంగతి మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశారు. కిందటేడు మా ఇంట్లో నిద్ర లేకుండా చేసింది ఆ ఒక్క వాక్యమే.

మనవాళ్లకు ఎంఎస్ అలవాటు. ముందుగా అప్లై చేస్తారు, నాలుగైదు అడ్మిట్లు వచ్చాక ఖర్చు చూసుకుని ఒకటి ఎంచుకుంటారు. డాలస్‌లో ఉండే మా బామ్మర్ది కూడా ఆ లెక్కనే "ముందే పెట్టేయండి బావా" అన్నాడు. అక్టోబరు ఆఖర్లో ఓ రాత్రి పదకొండింటికి మా అమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, "నాన్నా, ఇక్కడ నీ పేరు టైప్ చెయ్యి" అంది. అది ఎర్లీ డిసిషన్ ఒప్పందం. పిల్ల, అమ్మానాన్నల్లో ఒకరు, స్కూలు కౌన్సెలర్, ముగ్గురూ సంతకం పెట్టాలి. నేను చదవకుండానే టైప్ చేసేశాను.

ఆర్థిక సాయం కావాలా అన్న చోట 'వద్దు' అని పెట్టమని కన్సల్టెన్సీ అతను ముందే చెప్పాడు, విదేశీ పిల్లలు సాయం అడిగితే అవకాశం తగ్గుతుందట. చాలా కాలేజీల్లో అది నిజమే. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ లాంటి కొద్ది చోట్లే అడిగినా తేడా ఉండదు. కానీ మొదట వద్దన్న విదేశీ విద్యార్థికి ఆ తర్వాత నాలుగేళ్లూ సాయం ఇవ్వని కాలేజీలు ఉన్నాయని అతను చెప్పలేదు, మాకు తెలియలేదు.

డిసెంబరు మధ్యలో తెల్లవారుజామున సీటొచ్చిందని చూసి పిల్ల ఎగిరి గంతేసింది, వాళ్లమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. వారం తిరక్కుండా లెక్క వేసుకుంటే హాస్టల్, తిండితో కలిపి ఏడాదికి 90 వేల డాలర్ల పైనే, అంటే నాలుగేళ్లకు మూడు కోట్ల రూపాయలు దాటుతుంది. ఇల్లు తాకట్టు పెట్టినా అందులో సగం రాదు. ఒప్పందం నుంచి వదిలేయమని బతిమాలుతూ ఉత్తరాలు రాశాం, చివరికి వదిలారు. అప్పటికి మామూలు రౌండు గడువుకి పది రోజులే ఉంది. ప్రీ బోర్డు పరీక్షలు ఒకపక్క, ఎనిమిది కాలేజీల వ్యాసాలు ఇంకోపక్క. ఆ పది రోజులూ ఆ పిల్ల పడ్డ టెన్షన్ నేను మర్చిపోలేను.

ఫీజులు పోల్చి చూసుకోవాల్సిన మాలాంటి ఇళ్లకు ఎర్లీ యాక్షన్ నయం. పర్డ్యూ, జార్జియా టెక్, ఇల్లినాయ్ అర్బానా షాంపేన్‌లో ఆ పద్ధతే ఉంది. ముందే ఫలితం వస్తుంది, మే 1 దాకా ఆలోచించుకోవచ్చు. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్‌లలోనూ చేరి తీరాలన్న కట్టుబాటు లేదు గానీ, అక్కడ పెడితే వేరే ప్రైవేటు యూనివర్సిటీలకు ఎర్లీలో పెట్టనివ్వరు. బర్క్‌లీ, లాస్ ఏంజిలిస్ లాంటి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లకైతే ఈ ఎర్లీ గొడవే లేదు. జనవరిలో వచ్చే ఈడీ 2ని, అంటే ఎర్లీ డిసిషన్ రెండో విడతని కూడా రెండో ఛాన్స్ అని చెప్తారు, అదీ కట్టి పడేసేదే.

ఇంకో మాట. ఎర్లీ డిసిషన్‌లో ఎక్కువ శాతం మందికి సీట్లొస్తాయని కన్సల్టెన్సీలు చూపించే లెక్కలో, ఆటల కోటాలో ముందే మాట ఇచ్చేసిన పిల్లలు, అక్కడే చదివినవాళ్ల పిల్లలు కూడా ఉంటారు. వాళ్లకొచ్చే శాతం హైదరాబాద్ నుంచో వరంగల్ నుంచో అప్లై చేసే పిల్లలకూ వస్తుందనుకోవడం తప్పు.

అందుకే మీకు నా విన్నపం. ఈసారి గడువుల పట్టిక వేసినప్పుడు ప్రతి కాలేజీ పక్కన మరో రెండు గడులు చేర్చండి: సీటొస్తే చేరి తీరాలా, విదేశీ పిల్లలకు సాయం ఇస్తారా. అక్టోబరు మొదటి వారంలోనే వేస్తే ఇంకా మంచిది, సంతకాలు జరిగేది ఆ నెలలోనే.

– ఒక తండ్రి, హనుమకొండ