ఊక బూడిదకు మిల్లులు ఒక్కటవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు ఉప్పుడు బియ్యం మిల్లుల వెనక ఊక బూడిద గుట్టలు పడి ఉంటున్నాయి. క్వింటా ధాన్యానికి సుమారు 20 కిలోల ఊక, అది కాలితే 4 కిలోల బూడిద. బాగా కాలిన బూడిదలో 85 శాతం దాకా సిలికాయే. సిమెంటులో కలపదగ్గ సరుకు. కాంక్రీటుకు భారత ప్రమాణమైన ఐఎస్ 456లోనూ దీని ప్రస్తావన ఉంది.

అయినా ఇటుకలు చేసేవారు దీన్ని కొనడానికి వెనకాడతారు. ఎందుకంటే ఒక్కో బాయిలర్‌లో ఒక్కోలా కాలుతుంది. గాలి చాలకపోతే బొగ్గు మిగిలి బూడిద నల్లబడుతుంది. అది నీళ్లు పీల్చేసి ఇటుకను గుల్ల చేస్తుంది. వేడి మరీ ఎక్కువై చాలాసేపు మగ్గితే సిలికా స్ఫటికంగా మారి సిమెంటులోని సున్నంతో సరిగా కలవదు.

ఒక్క మిల్లు వల్ల తేలే పని కాదిది. పది మిల్లులు కలిసి బాయిలర్ల వారీగా నమూనాలు దగ్గర్లోని ఇంజినీరింగ్ కాలేజీకి పంపాలి. ఆరబెట్టి తూచి, కొలిమిలో కాల్చి మళ్లీ తూస్తే, తగ్గిన బరువును బట్టి మిగిలిన బొగ్గెంతో తెలుస్తుంది. నల్లదీ తెల్లదీ కలిపేస్తే మాత్రం రెండూ చెడతాయి. దుమ్ము అణచడానికి నీళ్లు కొట్టొద్దు, ఆ బరువుకే లారీ కిరాయి సరిపోతుంది. మూత ఉన్న తొట్టి కావాలి.

జిల్లా పరిశ్రమల కేంద్రం మన మిల్లర్లను, ఆంధ్ర సరిహద్దు అవతల పాతపట్నం, పార్వతీపురం వైపు ఇటుకలు చేసేవారిని ఈ కోతల లోపే ఒకచోట కూర్చోబెట్టాలని కోరుతున్నాం.

– మిల్లు బాయిలర్ పనివారు, గుణుపూర్