ఆధార్ నమోదు మన రాయబార కార్యాలయాల్లోనూ జరగాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నేను జగిత్యాల జిల్లా వాసిని. 2009లో ఒమన్ వచ్చి, అప్పటి నుంచి ఇక్కడే తాపీ పని చేసుకుంటున్నాను. మన దేశంలో మొదటి ఆధార్ సంఖ్యను 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని తెంభ్లీ గ్రామంలో ఇచ్చారు. ఆ తరువాత మా ఊళ్లో నమోదు జరిగిన రోజుల్లో నేను లేను. సెలవు మీద వచ్చిన ఒకటి రెండు సార్లు ఇంటి పనులతోనే గడిచిపోయాయి. 2016లో చట్టం వచ్చాక, దరఖాస్తుకు ముందు ఏడాదిలో 182 రోజులు దేశంలో ఉన్నవారికే ఆధార్ అన్నారు. రెండేళ్లకోసారి నలభై అయిదు రోజుల సెలవు దొరికే కార్మికుడికి అది సాధ్యమయ్యే పని కాదు.

2019లో కేంద్రం ఈ నిబంధనను సడలించి, చెల్లుబాటయ్యే భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు స్వదేశానికి రాగానే నమోదు చేసుకోవచ్చని చెప్పింది. అది మంచి నిర్ణయమే. అయితే స్వదేశానికి వచ్చి తీరాలన్న షరతు వల్ల ఎంత నష్టం జరుగుతోందో నా అనుభవం చెబుతుంది.

మా నాన్నగారు పోయాక భూమి విరాసత్ (వారసుల పేరు మీదికి మార్పిడి) చేయించుకోవడానికి వెళితే వారసులందరి ఆధార్ అడిగారు. సెలవు పెట్టుకుని వచ్చి ఒక నమోదు కేంద్రానికి వెళ్లాను. సిమెంటు పనిలో నా వేలిగీతలు అరిగిపోయాయి. ఆపరేటర్ తడిగుడ్డతో నా వేళ్లు తుడిచి, తానే యంత్రం అద్దం మీద నొక్కిపట్టినా ముద్రలు సరిగా పడలేదు. పాస్‌పోర్టులో పాత కరీంనగర్ జిల్లా పేరే ఉండటంతో, 2016 అక్టోబరులో జగిత్యాల వేరే జిల్లా అయిందని వివరించడానికి మరో రెండు రోజులు తిరగవలసి వచ్చింది. చివరికి రసీదు చేతికిచ్చారు. దరఖాస్తు తిరస్కరించారన్న సంగతి నేను ఒమన్ చేరాక గానీ తెలియలేదు. మళ్లీ వేలిముద్రలు ఇవ్వాలంటే మళ్లీ విమానం ఎక్కాలి.

నా పాస్‌పోర్టును పునరుద్ధరించి ఇచ్చింది ఇక్కడి మన రాయబార కార్యాలయమే. నేను భారతీయుడినని నిర్ధారించి పాస్‌పోర్టు ఇవ్వగల కార్యాలయానికి, నా వేలిముద్రలు, కనుపాపల చిత్రాలు తీసుకుని పంపే అధికారం ఇవ్వడానికి అభ్యంతరం ఏముంటుంది? దేశంలో ఏ నమోదు కేంద్రానికీ లేనంత పక్కాగా పాస్‌పోర్టును సరిచూసే వీలు అక్కడే ఉంటుంది. సలాలా, సోహార్ వంటి దూరపు పట్టణాల్లోనూ మన అధికారులు కాన్సులర్ శిబిరాలు పెడుతున్నారు. ఆ శిబిరాలకు ఒక నమోదు యంత్రాన్ని తీసుకొస్తే, ఒక రోజు పని మానుకుంటే చాలు, మాలాంటి వారి అవసరం తీరుతుంది. పాకిస్తాన్ తన ప్రవాసులకు విదేశాల నుంచే గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేసుకునే వీలు కల్పించింది. బంగ్లాదేశ్ కూడా ఎమిరేట్స్ వంటి దేశాల్లోని తన కార్యాలయాల్లో నమోదు మొదలుపెట్టింది. వారితో కలిసి ఒకే క్యాంపులో ఉండే మాకు ఈ తేడా రోజూ కళ్లకు కడుతుంది.

ఓటీపీ మరో చిక్కు. విదేశీ నంబర్లకు అది రాదు. ఇండియా సిమ్‌కు రీచార్జి ఆగితే ఆ నంబరే పోతుంది. రాయబార కార్యాలయంలో నమోదైన వారికి ఈమెయిల్ ద్వారానైనా ఓటీపీ అందే ఏర్పాటు చేయాలి.

గల్ఫ్‌కు ఎక్కువగా వలసవెళ్లే నిజామాబాద్, కరీంనగర్, కడప ప్రాంతాల ఎంపీలు ఈ విషయాన్ని పార్లమెంటులో లేవనెత్తాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. నాకు మళ్లీ సెలవు దొరికేది వచ్చే ఏడాది వేసవిలోనే. అంతవరకు మా భూమి నాన్నగారి పేరు మీదే ఉంటుంది.

ఇట్లు,
ఒక ప్రవాస కార్మికుడు,
జగిత్యాల జిల్లా (ప్రస్తుతం ఒమన్)