రెండో లీడర్ చేతికి పెన్ను

బుజ్జీ,

నిన్న రాత్రి నీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదమ్మా. ఒంటిగంట దాటినా గ్రూపు రిపోర్టు నువ్వొక్కదానివే రాస్తున్నానన్నావు. "వాళ్ళకి ఇస్తే పాడుచేస్తారమ్మా, లీడర్‌ని కదా, నేనే చేసేస్తా" అన్నావు చూడు, నా మనసు అక్కడే ఆగిపోయింది. ఫోన్‌లో చెబితే మధ్యలో అడ్డుపడతావు, అందుకే రాస్తున్నా.

డ్వాక్రా గ్రూపుకి మొదటి లీడర్‌గా ఉన్నప్పుడు నేనూ అచ్చం ఇలాగే చేశాను. పదకొండు మందిమి, లెక్క రాయడం వచ్చింది నాకొక్కదానికే. పొదుపు పుస్తకం నేనే రాసేదాన్ని, తీర్మానం నేనే రాసేదాన్ని, బ్యాంకుకీ నేనే. అందరూ "అక్క ఉంటే చాలు" అనేవాళ్ళు, ఆ మాట వింటే నాకూ బాగుండేది. నువ్వు ఆరో తరగతిలో ఉండగా నాకు టైఫాయిడ్ వచ్చింది గుర్తుందా, ఇరవై రోజులు మంచం దిగలేదు. ఆ నెల వాయిదా కట్టలేదు. డబ్బు లేక కాదు బుజ్జీ, అందరూ డబ్బు తెచ్చి మన అరుగు మీద కూర్చుని, పుస్తకంలో ఎక్కడ ఏం రాయాలో తెలియక మళ్ళీ కొంగున ముడేసుకుని ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. లోపల పడుకుని ఆ మాటలన్నీ వింటూనే ఉన్నాను.

లేచాక పుస్తకం రెండో లీడర్ చేతికిచ్చాను. ఆవిడ నాలుగో తరగతితో బడి మానేసింది. పక్కనే కూర్చున్నా. అసలు రాయాల్సిన గడిలో వడ్డీ, వడ్డీ గడిలో అసలు రాసింది. పెన్ను లాక్కోవాలని నా చెయ్యి ఎంత పీకిందో! చీర కొంగు వేలికి చుట్టుకుని అలాగే ఉండిపోయా. కొట్టేసి మళ్ళీ రాసింది, గంటన్నర పట్టింది. మూడో నెలకి అరగంటలో తేల్చేసింది. ఇప్పుడు గ్రామ సంఘంలో లెక్క తేడా వస్తే అందరూ అడిగేది ఆవిడనే.

దీపావళికి వచ్చినప్పుడు నువ్వే చెప్పావు, రవి మత్తాయ్ గారి గురించి. 1961లో పెట్టిన మీ ఐఐఎం అహ్మదాబాద్‌కి 1965లో మొదటి పూర్తికాలపు డైరెక్టర్ అయ్యారని, 1972లో తనంతట తానే కుర్చీ దిగి అక్కడే ప్రొఫెసర్‌గా ఉండిపోయారని, 1975లో రాజస్థాన్‌లో జవాజా వెళ్ళి నేతవాళ్ళతో, తోలు పనివాళ్ళతో కలిసి పనిచేశారని, బయటివాళ్ళు తప్పుకున్నా వాళ్ళ పని వాళ్ళే నడుపుకోవాలన్నదే ఆయన పట్టుదల అని. అది విన్నప్పుడు నాకు మా రెండో లీడరే గుర్తొచ్చింది. కుర్చీ దిగడం ఒక ఎత్తు, దిగాక అక్కడే ఉండి ఇంకొకరు నడుపుతుంటే చెయ్యి పెట్టకుండా ఉండటం ఇంకో ఎత్తు. అందులో ఎంత కష్టముందో నాకు తెలుసు.

మీకక్కడ కేసులు ఇస్తారు, ఫలానా కంపెనీకి ఫలానా ఇబ్బంది వచ్చింది, నువ్వైతే ఏం చేస్తావని. రాత్రి చదివి పొద్దున క్లాసులో చెప్పాలి, మాట్లాడినదానికీ మార్కులే. చెయ్యెత్తు, తప్పు లేదు, బాగా మాట్లాడు. కానీ రాత్రి గ్రూపులో కూర్చున్నప్పుడు మాత్రం, బీఏ చదివి వచ్చి లెక్కలంటే భయపడుతుందన్నావే, ఆ అమ్మాయిని ముందు అడుగు. ఆమె చెప్పాకే నువ్వు చెప్పు. మీరంతా ఫచ్చాలుగా, అదే మొదటి ఏడాది పిల్లలుగా, అడుగుపెట్టిన కొత్తలో డెబిట్ ఏదో క్రెడిట్ ఏదో అర్థం కావట్లేదని నువ్వు నాకు ఫోన్ చేసి ఏడవలేదూ? అప్పుడు మీ డార్మ్‌లో ఆ సీనియర్ అక్క తెల్లారేదాకా నీ పక్కన కూర్చుంది, కానీ ఒక్క లెక్క కూడా నీ బదులు చేసిపెట్టలేదు.

ఈ శుక్రవారం ఇవ్వాల్సిన రిపోర్టులో లెక్కల భాగం ఆ అమ్మాయికే ఇవ్వు. ఒకటి రెండు మార్కులు పోతే పోనీ, నేనేమీ అనను. ల్యాప్‌టాప్ ఆమె ముందే ఉంచు, నువ్వు పక్కన కూర్చో, పన్నెండుకల్లా పడుకో. ఎలా జరిగిందో ఆదివారం ఫోన్ చేసి చెప్పు. గోంగూర పచ్చడి, కందిపొడి నాన్న రేపు పార్శిల్ వేస్తారు. ఈసారి పెద్ద సీసాలే పెట్టాను, ఆ అమ్మాయికి కూడా కాస్త రుచి చూపించు.

మీ అమ్మ